డ్రై అంటే ఏ డ్రై?

2009 అక్టోబర్ 2. గాంధీ జయంతి కాబట్టి కర్నూల్లో ఆ రోజు డ్రై డే, బ్రాందీ షాపులకు తాళాలు. అదే రోజు తుంగభద్ర, హంద్రీ కలిసి ఊరిమీద పడ్డాయి. పాత పట్నంలో జనం మిద్దెలెక్కి ప్రాణాలు దక్కించుకున్నారు. సర్కారు క్యాలెండరు ప్రకారం మాత్రం ఊరు డ్రై. చుట్టుపక్కల మునిగిన మెట్ట పొలాలు కూడా రెవెన్యూ లెక్కలో డ్రై. నడుముల్లోతు నీళ్లలో నిలబడిన మనిషికి ఈ రెండు డ్రైల సంగతీ చెప్పి ఉంటే ఏమనేవాడో ఊహించుకోవచ్చు.

ఇదంతా ఈ మధ్య మళ్లీ గుర్తుకు రావడానికి కారణం మా అక్క కొడుకు. అనంతపురంలో ఎనిమిదో తరగతి చదువుతున్నాడు. డ్రై అనే మాటకు ఐదు సినోనిమ్స్, ఒక్కోదానికి ఒక సొంత వాక్యం రాసుకు రమ్మన్నారట. ఫోన్లో వెతికి ఆరిడ్, పార్చ్‌డ్, డెసికేటెడ్, విదర్డ్, బ్యారెన్ అని ఎక్కించుకున్నాడు. మొదటి వాక్యం: మై యూనిఫాం ఈజ్ ఆరిడ్. సారు ఎర్ర పెన్నుతో అడ్డంగా కొట్టేసినాడు. "అన్నిటికీ డ్రై అనే కదా మామా అర్థం ఉండేది, ఎట్ల తప్పయితాది?" అని వాడి వాదన.

వాడి తప్పేం లేదు. సినోనిమ్ అంటే సమానార్థకం అని మనందరికీ నూరిపోశారు, సమానమైనప్పుడు ఒకటి తీసి ఇంకోటి పెట్టొచ్చు అనుకోవడం సహజం. కానీ పీటర్ మార్క్ రోజే 1852లో లండన్‌లో అచ్చేయించిన థెసారస్‌లో మాటలకు అర్థాలే ఉండవు. ఒక భావానికి చుట్టాలైన మాటలన్నిటినీ ఒక పందిరి కింద కూర్చోబెట్టి ఊరుకున్నాడాయన. ఎవరు పెదనాన్నో, ఎవరు పిలవని పేరంటానికి వచ్చినవాళ్లో చదివేవాడికి ముందే తెలిసుండాలి. అదే 1852లో మద్రాసులో చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు వెలువడింది. 1820లో కడపకు వచ్చి ఇక్కడ తెలుగులో పడ్డ మనిషి ఆయన. కడపలో ఆయన బంగళా ఉన్న చోటే ఇప్పుడు ఆయన పేర గ్రంథాలయం ఉంది. ఒక భాష మాటను ఇంకో భాష పక్కన నిలబెట్టాల్సి వచ్చినవాడికి ఒక సంగతి వెంటనే తెలిసిపోతుంది: ఒక మాటకు ఒక మాట చాలదు. పిల్లోడికి కావలసింది ఈ దారి. డ్రై పక్కన ఇంగ్లీషు చుట్టాలను కాకుండా, ముందు తెలుగును నిలబెట్టి చూస్తే చిక్కు విడిపోతుంది.

ముందు డ్రై సంగతి. ఇది ఇంగ్లీషులో పాత కాపు. కరువును చెప్పే డ్రౌట్, నీళ్లు తీసేసే డ్రైన్ కూడా ఆ వేరు నుంచే పుట్టాయి. వానాకాలంలో పొంగి వీధిలో పారే మన డ్రైనేజీ పేరులో డ్రై దాక్కుని ఉందన్నమాట. ఇంత పాత మాట కాబట్టి వెయ్యి పనులకు అరువెళ్లింది. ప్రతిచోటా ఏదో ఒకటి లేదని చెబుతుంది, ఏది లేదో మాత్రం చెప్పదు. అది పక్కనున్న మాటను చూసి మనమే పట్టుకోవాలి.

ధర్మవరం పట్టుచీరను డ్రై క్లీనింగ్‌కు ఇస్తాం. మనవాళ్లు డ్రై వాష్ అని కూడా అంటారు. ఆ చీర అక్కడ పొడిగా ఏమీ ఉండదు, రసాయన ద్రవంలో నిలువునా మునుగుతుంది. లేనిది నీళ్లు మాత్రమే. డ్రై వైన్‌లో లేనిది తీపి. డ్రై డేలో లేనిది మందు. ఆంధ్రప్రదేశ్ 1995 నుంచి 1997 దాకా మద్యనిషేధంలో ఉన్నప్పుడు ఇంగ్లీషు పత్రికలకు అది డ్రై స్టేట్. అమెరికాలో 1920 నుంచి 1933 దాకా నిషేధం నడిచిన కాలంలో దాన్ని సమర్థించేవాళ్లనే డ్రైలు అనీ, వద్దనేవాళ్లను వెట్‌లు అనీ పిలిచారు. డ్రై ఐస్ గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడ్. సున్నాకు 78 డిగ్రీలకు పైగా కిందనుండే చలిలోంచి కరగకుండా నేరుగా ఆవిరైపోతుంది. అందులో లేనిది కరిగే దశ. టార్చి లైటులో వేసే డ్రై సెల్ లోపల ముద్దలా తడి ఉండనే ఉంటుంది, ఒలికే ద్రవమే లేదు. 2021 జనవరి 2న దేశమంతా కోవిడ్ టీకాకు డ్రై రన్ చేశారు. అందులో క్యూ ఉంది, నర్సు ఉంది, కంప్యూటరు ఉంది, టీకా లేదు.

తెలుగు పద్ధతి వేరు. నీళ్లు లేవు అనే ఫలితం దగ్గర తెలుగు ఆగదు. నీళ్లు ఎటు పోయాయి, ఎట్ల పోయాయి, మళ్లీ వస్తాయా అని అడుగుతుంది. ఆ జవాబును బట్టి మాట మారుతుంది.

చీర ఆరుతుంది. చెమట ఆరుతుంది. పుండు ఆరుతుంది. దీపం కూడా ఆరుతుంది, అక్కడ తడే లేదు. చల్లారడంలోనూ ఈ ఆరడమే ఉంది. వీటన్నిటిలో ఉన్నది ఒక్కటే: మీదికి వచ్చిన తడో, వేడో, మంటో దిగిపోవడం. ఆరిన చీర మళ్లీ అదే చీర, దానికేమీ నష్టం లేదు.

ఎండడం అట్లా కాదు. ఈ మాటలోనే ఎండ ఉంది. లోపలి తడి పోవాలి, వస్తువు మారిపోవాలి. పచ్చి మిరపకాయ ఎండితే ఎండుమిర్చి, దాని రంగు వేరు, ఘాటు వేరు, అంగట్లో ధర వేరు. ఎండుచేప, ఎండుకొబ్బరి, ఎండుగడ్డి, ఏదీ నీళ్లలో నానేసినా మళ్లీ పాత రూపానికి రాదు. బట్టలు ఎండినాయా అని అడిగేవాళ్లు మన వైపు ఉన్నారు నిజమే. కానీ రాత్రి ఫ్యాను కింద వేసిన చొక్కాను తెల్లారి ఎండిందని ఎవరూ అనరు, ఆరిందనే అంటారు. ఎండకు ఇవ్వాల్సిన మర్యాద ఎండకే.

చెరువు సంగతి ఇంకా బాగుంటుంది. చెరువు డ్రై అయింది అని ఇంగ్లీషులో ఒక్క ముక్కలో అయిపోతుంది. నీళ్లు కిందికి, మట్టిలోకి పోతే మనం ఇంకిపోయినాయి అంటాం. పైకి, ఆవిరిగా పోతే ఇగిరిపోయినాయి అంటాం. పొయ్యి మీద కూరలో నీళ్లు పోయేదాకా ఉడికిస్తే దాని పేరే ఇగురు. రెండు పోకలూ ఒకటి కాదని సేద్యగాడికి ప్రాణం మీదికొచ్చినప్పుడు తెలుస్తుంది. ఇంకిన నీళ్లు ఎవరో ఒకరి బోరులో తేలతాయి, ఇగిరిన నీళ్లు ఏ దేశంలో కురుస్తాయో. ఇంకుడు గుంత అనే మాట ఎంత సులువుగా జనంలోకి పోయిందో చూడండి. డ్రై నుంచి బయల్దేరి ఆ మాటను ఎవరూ పుట్టించలేరు.

ఇంక వట్టిపోవడం. పాడి ఆవు పాలు ఆపేస్తే వట్టిపోయింది అంటాం. ఇక్కడ ఇంగ్లీషు కూడా మన దారికొస్తుంది, అది డ్రై కౌ అంటుంది. ఈనడానికి ముందు రెండు నెలల పాటు పాలు పితకడం ఆపే కాలాన్ని పశువుల డాక్టర్లు డ్రై పీరియడ్ అంటారు. బావి వట్టిపోయింది అన్నా ఇదే. తడి పోయిందన్నది పైమాట, ఇచ్చేది ఇవ్వడం ఆపేసింది అన్నది అసలు మాట. వట్టి గొడ్డుకు అరుపులెక్కువ, వాన లేని మబ్బుకు ఉరుములెక్కువ అనే సామెతలో ఆవునూ మబ్బునూ ఒకే గాటన కట్టింది అందుకే. మొదటిదాని దగ్గర పాలు లేవు, రెండోదాని దగ్గర వాన లేదు, చప్పుడు మాత్రం రెండిట్లోనూ ఉంది.

మెట్ట దగ్గరికి వచ్చేసరికి చిక్కు పెద్దదవుతుంది. డ్రై ల్యాండ్ అంటే ఇంగ్లీషులో ఒకచోట సముద్రం మధ్య ఓడవాడికి కనిపించే గట్టు, ఇంకోచోట వానమీద ఆధారపడిన పొలం. రెండోదాన్ని మన రికార్డుల్లో పాతిన తొలి చేతుల్లో థామస్ మన్రోది ఒకటి. 1800లో నిజాం ఈ సీమను ఈస్టిండియా కంపెనీకి అప్పగించాక ప్రధాన కలెక్టరుగా వచ్చి, అనంతపురంలో మకాం పెట్టి, 1807 దాకా ఉన్నాడు. పొలాలు కొలిపించి డ్రై, వెట్, గార్డెన్ అని విడదీసి శిస్తు కట్టించాడు. (తర్వాత మద్రాసు గవర్నరై, 1827లో మళ్లీ ఈ వైపే పర్యటనకు వచ్చి పత్తికొండలో కలరాతో పోయాడు.) మనం వాటిని మెట్ట, మాగాణి, తోట అన్నాం. కానీ మెట్ట అంటే ఎత్తు. పల్లానికి వ్యతిరేకం. నీరు పల్లమెరుగు అంటాం కదా, ఆ నీరు ఎరగని చోటు మెట్ట. కాలవ నీరు ఎక్కలేని నేల అని మాట చెబుతోంది, నేల తడిగా ఉందా పొడిగా ఉందా అన్న ఊసే లేదు. అందుకే జడివానలో బురదైపోయిన మెట్ట కూడా మెట్టే. రైతు నోట్లో ఇది ఇంకా తేలిక: చేను, మడి. చేను అన్నాడంటే వాన దిక్కు, మడి అన్నాడంటే నీళ్లున్నాయి. నిజాం వైపు రికార్డుల్లో ఇవే ఖుష్కి, తరి అయ్యాయి. ఖుష్కిలోని ఫారసీ ఖుష్క్, మన పండితుల శుష్క, ఇంగ్లీషు కవులు ఎండిన ఆకులకు వాడే సియర్ అనే మాట, మూడూ ఒకే మూలానికి చెందిన దూరపు దాయాదులు.

ఇప్పుడు మావాడి ఐదు మాటలు చూద్దాం. తెలుగు చేతిలో ఉంటే ఇవి ఎంత తొందరగా లొంగుతాయో.

ఆరిడ్ అనేది నేలకూ వాతావరణానికీ కట్టుబడిన మాట. ఒక పూట తడి లేకపోతే చాలదు, ఏళ్ల తరబడి కురిసేదానికంటే ఆవిరయ్యేది బాగా ఎక్కువ ఉండాలి. ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఏడాదికి కురిసేది సుమారు 550 మిల్లీమీటర్లు. పడమటి కనుమలు నైరుతి మబ్బులను అటువైపే పిండేసుకుంటాయి, ఈశాన్య మబ్బులు కోస్తా దాటి ఇంత లోపలికి వచ్చేసరికి నీరసపడతాయి. దేశంలో ఆరిడ్ లెక్కలో చేరిన కొద్ది దక్షిణాది జిల్లాల్లో మనది ఉండటానికి కారణం అది. కొంచెం నయమైన చోటును సెమీ ఆరిడ్ అంటారు. పటాన్‌చెరులోని పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ పూర్తి పేరులో ఉన్నది ఆ సెమీ ఆరిడే. యూనిఫాం ఆరిడ్ కాలేకపోవడానికి కారణం ఇంతకంటే చెప్పనక్కర్లేదు. చొక్కాకు వాతావరణం ఉండదు.

పార్చ్‌డ్ నాకు ఇష్టమైన మాట. పార్చ్ అంటే మొదట గింజలను పెనం మీద వేయించడం. ఇంగ్లీషు బైబిల్లో రూతుకు పొలంలో అందించిన పార్చ్‌డ్ కార్న్, తెలుగు బైబిల్లో పేలాలు. అక్కడి నుంచి ఎండకు వేగిపోయిన నేలకూ, దాహంతో వేగిపోయిన గొంతుకూ వచ్చింది. మనకూ సరిగ్గా పొయ్యి మీది మాటే ఉంది: చేను మాడిపోయింది. అన్నం మాడినట్టు, కడుపు మాడినట్టు. పార్చ్‌డ్‌కు ఎండిన అని రాస్తే తప్పు కాదు, మాడిన అని రాస్తే ఒప్పు.

విదర్డ్ అంటే వాడిన. మధ్యాహ్నం చెనక్కాయ చేలో ఆకులు ముడుచుకుని తలవాలుస్తాయి, సాయంత్రం చల్లబడేసరికి మళ్లీ లేస్తాయి. అది వాడటం. పొద్దున కూడా లేవకపోతే ఎండటం మొదలైనట్టు. వ్యవసాయ శాస్త్రంలో తాత్కాలికంగా వాడటం, శాశ్వతంగా వాడటం అని రెండు పెద్ద మాటలతో చెప్పేది రైతు రెండు క్రియలతో చెప్పేస్తాడు. ఇంగ్లీషు విదర్ ఈ రెండిటి మధ్య ఊగుతుంది, ఎక్కువగా రెండో వైపు.

డెసికేటెడ్ కొబ్బరి పొడి ప్యాకెట్ మీద కనిపించే మాట. చెప్పుల పెట్టెలో వేసే చిన్న గింజల పొట్లం, డెసికెంట్, దీని చుట్టమే. పనిగట్టుకుని చివరి చుక్క దాకా తడి లాగేయడం. అంతకు మించి చెప్పడానికేమీ లేదు. బ్యారెన్ అయితే అసలు డ్రైయే కాదు, పండనిది, బీడు. నల్లరేగడి కూడా బీడు పడొచ్చు. ఎండిన నేల పండదు కాబట్టి ఈ చుట్టం పందిట్లోకి వచ్చి కూర్చుంది, అంతే.

ఈ జాబితాలో లేనిది, మన సీమకు అన్నిటికంటే కావలసినది ఇంకోటి ఉంది: డ్రై స్పెల్, డ్రౌట్, ఫామిన్. ఫోన్ ఇవన్నీ ఒకే గుంపులో చూపిస్తుంది. డ్రై స్పెల్ అంటే బెట్ట. పైరు నిలబడి ఉంది, వాన మధ్యలో మొహం చాటేసింది, ఒక్క తడి ఇస్తే బతుకుతుంది. ఈ తడి అనే మాట చూడండి. ఇంగ్లీషులో వెట్ ఒక గుణం. మనకు తడిని లెక్కపెట్టొచ్చు, ఒక తడి, రెండు తడులు, ఆఖరికి సర్కారు కాగితాల్లో రక్షక తడి. డ్రౌట్ అంటే వరపు, అనావృష్టి. అది ముదిరి తిండికి వచ్చేసరికి ఫామిన్. మనం రెండిటినీ కరువు అనేస్తాం, 1876-78లో లక్షల మందిని మింగిన ధాత కరువును కూడా, మండలాఫీసు నోటీసులో వచ్చే కరువు మండలాన్ని కూడా. ఇక్కడ మాత్రం ఇంగ్లీషు మనకంటే నిక్కచ్చి, ఒప్పుకోవాలి. అయితే వాతావరణ శాఖ 2016లో తన ప్రకటనల్లో డ్రౌట్ అనే మాట మానేసి, లోటు వర్షపాతపు ఏడాది అనే అర్థమొచ్చే మాటలు పెట్టుకుంది. వాళ్లు కొలిచేది వాననే కాబట్టి, కరువో కాదో తేల్చే పని రాష్ట్రాలకు మిగిలింది. ఆ తేల్చేదాని మీదే సాయం డబ్బులు ఆధారపడతాయి కాబట్టి, సమానార్థకాలు అన్నవి సమానం కావని మన రైతులకు ఏ వ్యాకరణం పుస్తకమూ చెప్పక్కర్లేదు.

ఇంకొక్క ముచ్చట చెప్పకుండా ఉండలేను. ఇంగ్లీషు థర్స్ట్, మన తృష్ణ ఒకే మూలం నుంచి వచ్చాయి. ఆ మూలానికి అర్థం దాహం కాదు, ఎండటం. ఆ వేరుకే లాటిన్‌లో నేలను చెప్పే టెర్రా మొలిచింది, నీరు లేని చోటు కాబట్టి. బ్రెడ్డు కాల్చే టోస్ట్ మొలిచింది. చిత్రమేమంటే వరద ఉధృతిని చెప్పే టోరెంట్ కూడా అక్కడిదే. మరుగుతూ ఉరికే ఏరు అనే భావం నుంచి వచ్చిన మాట అది. ఏడాదిలో ఎక్కువ కాలం ఇసుకగా పడుకుని, ఒక్కో రాత్రి వంతెనల దాకా వచ్చే పెన్ననూ చిత్రావతినీ చూసినవాళ్లకు ఎండటమూ వరదా ఒకే ఇంటి బిడ్డలంటే ఆశ్చర్యమేమీ కలగదు.

మనుషుల దగ్గర కూడా డ్రై పనిచేస్తుంది. పొడిపొడిగా మాట్లాడినాడు అంటాం, అది డ్రై రిప్లైకి సరిగ్గా సరిపోతుంది. మనకు పొడి అంటే పిండి కూడా కాబట్టి అందులో మాటలు విడివిడిగా రాలుతున్న బొమ్మ కూడా కనిపిస్తుంది, ఇంగ్లీషులో ఆ అందం లేదు. కానీ డ్రై హ్యూమర్‌ను పొడి హాస్యం అంటే నవ్వొచ్చేది అనువాదానికే. అది మొహంలో కండ కదలకుండా అనేసి ఊరుకునే మాట. దానికి మన దగ్గర పేరు లేదు గానీ సరుకు బోలెడుంది. మా ఊరి పక్క ఒకాయన వరసగా మూడో బోరు వేయించాడు. ఎంత లోతు పోయినా దుమ్మే లేచింది. సాయంత్రం కట్ట మీద కూర్చున్నవాళ్లు అడిగారు.

"ఏమప్పా, బోరు ఏయిస్తివంటనే, ఏమన్నా వచ్చెనా?"

"వచ్చె."

"ఎన్ని ఇంచులు?"

"ఇంచులు కాదప్పా, బిల్లు."

అంత డ్రై బోరు నుంచి అంత డ్రై మాట. ఆయన నవ్వలేదు, అడిగినవాళ్లే నవ్వారు.

మావాడికి చివరికి నేను చెప్పిన కిటుకు ఒక్కటే. డ్రై కనిపిస్తే దాని చుట్టాలను వెతకొద్దు, శత్రువును వెతుకు. గుడ్డ అయితే తడి. మిరపకాయ అయితే పచ్చి. పొలం అయితే మాగాణి. ఆవు అయితే పాడి. వైన్ అయితే తీపి. దగ్గు అయితే కఫం. చర్మం అయితే జిడ్డు. బండి దగ్గర మంచూరియా అయితే గ్రేవీ, డ్రైయా గ్రేవీయా అని వాడే అడుగుతాడు. శత్రువు మారిందంటే అర్థం మారినట్టే, అప్పుడు తెలుగు మాట దానంతటదే నోటికి వస్తుంది. డ్రై ఫ్రూట్స్ దగ్గర మాత్రం ఈ కిటుకు కుంటుతుంది, ఎండుద్రాక్షకు శత్రువు ఉంది గానీ బాదం పప్పుకు ఎవరూ లేరు. అది మన దేశపు ఇంగ్లీషు చేసిన మూట, దాన్ని వదిలేయమన్నాను.

వాడు పుస్తకం ఎత్తుకుని మిద్దె మీదికి పోయాడు. అక్కడ మా అమ్మ చెనక్కాయలు పరిచి కాపలా కూర్చుని ఉంది. "ఎండినాయా అవ్వా?" అన్నాడు. ఆమె నాలుగు కాయలు గుప్పిట్లోకి తీసుకుని చెవి దగ్గర ఊపి చూసింది.

"గలగలమనల్లేదు నాయనా. ఇంకో రెండెండలు పడల్ల."

వాడు పెన్సిలు కొరుక్కుంటూ కాసేపు ఆలోచించి, దే నీడ్ టూ మోర్ సన్స్ అని రాశాడు. దీన్నీ సారు కొట్టేస్తాడు.